గద్దరు పేరు, గద్దరు పాట

చలనచిత్ర పురస్కారములకు గద్దరు పేరిడుదుమని తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డిగారు 2024 జనవరిలో ప్రకటించిరి. 2025 జూను 14వ తేదీన హైదరాబాదులో తొలి ప్రదానోత్సవము జరిగెను. ఫిలింనగరు తారలు జ్ఞాపికలు గైకొనిరి. సంతోషమే. అయినను ఈ పేరెట్టిదో యొకమాఱు స్మరించుట యుచితమని మాకు దోచుచున్నది.

ఇది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. తూప్రాను గ్రామవాసి గుమ్మడి విఠల్‌రావుగారి తొలి పాటల సంపుటమునకు ‘గద్దర్’ అని పేరు. 1913లో అమెరికాయందు మనవారు తెల్లదొరతనముపై నెలకొల్పిన గదర్ పక్షమును దలచి పెట్టినది; తిరుగుబాటని దాని యర్థము. సంపుటమునకు కవి పేరు వచ్చుట లోకరీతి. ఇచ్చట సంపుటము పేరే కవికి వచ్చినది! బి. నర్సింగరావుగారి ప్రోత్సాహమున వ్రాసిన ‘ఆపర రిక్షా’ మొదలుగా ఆ పాటలు కూలివానిని నిలిపి, నీ కష్టమునకు దగిన ఫలము ముట్టినదా యని యడిగినవి. మా పాఠకులలో భూవసతి గలవారికి అవి చెవికింపు గాకపోవచ్చును. ఆయన రాజకీయమార్గమును మేమును సమర్థింపము. కాని పాట ప్రజల నోట నిలిచినదనుట నెవరు కాదనగలరు?

ఇంగ్లండులోను నిట్టిదే జరిగెను. 1977లో సెక్స్ పిస్టల్స్ అను పంకు రాక్ బృందము రాణిని ధిక్కరించి పాడగా బి.బి.సి. ఆ పాటను నిషేధించెను. వారి తొలి సంపుటమును అమ్ముటకు గొన్ని దుకాణములు నిరాకరించెను. 2012 లండను ఒలింపిక్ ప్రారంభోత్సవమున ఆ బృందపు పాటలే వినబడెను.

మనచోట మూల్య మంతకంటె ఘనము. 1997 ఏప్రిలు 6న ఆగంతకులు గద్దరును ఆయన యింటనే కాల్చిరి. ఒక గుండు తుదివరకు వెన్నెముకయందే యుండెను. 2023 ఆగస్టులో ఆయన మరణింపగా పోలీసు లాంఛనములతో అంత్యక్రియలు జరిపిరి. ‘ఒరేయ్ రిక్షా’ చిత్రములోని పాటకు వచ్చిన నంది పురస్కారమును నిరాకరించినవాడాయన. నేడు నంది స్థానమున ఆయన పేరే యున్నది!

పేరు పెట్టుట సులభము. పాటలమాట యేమి? వీథులలో గొంగడి గప్పి, గజ్జె కట్టి పాడినవానిలో ననేకములు క్యాసెట్లపై నూరూర దిరిగినవి. అయస్కాంతపు టేపు చిరకాలము నిలువదు; బూజు పట్టును, పొడి రాలును. జ్ఞాపికలకు వెచ్చించు ధనములో గొంత తీసి ప్రభుత్వమువారు ఆ క్యాసెట్లను, తొలి సంపుటపు ప్రతులను సేకరింపవలెను. ఒక్క అక్షరమైనను దిద్దక, తమకు నచ్చని పాటను దాచక, ప్రకటింపవలెను. జూబ్లీహిల్సు మేడలకు కూతవేటుననే బోరబండ బస్తీలు కలవు. అచ్చటి పఠనాలయములలో వెల లేకుండ వినునట్టి యేర్పాటు మొట్టమొదట గావింపవలయునని మా కోరిక.