పంచకళ్యాణికి వాతలు

ఇటీవల పెండ్లి యూరేగింపులకు బాడుగ త్రిప్పెడి తెల్లగుఱ్ఱ మొకటి, లాడపు మేకు గిట్టలో దిగిన కొన్నిదినములకు దవుడలు బిగిసి, చెవులు నిక్కి, తోక యెత్తి, కొయ్యగుఱ్ఱమువలె కాళ్లు చాచి నిలిచిపోగా, యజమాని పశువైద్యునికి కబురంపుటకు మారుగా దిష్టి తీయువానిని పిలిపించెను. ఆ మహానుభావుడు డప్పు కొట్టించి, సాంబ్రాణి పొగ పట్టించి, ఎఱ్ఱగా కాల్చిన కొడవలితో మెడమీదను తొంటిమీదను వాతలు పెట్టెను. మఱునాడు గుఱ్ఱము చచ్చినది. దాని ఱొమ్మున చెడ్డ సుడి యున్నదనియు, శాస్త్ర మెఱిగినవారు అట్టి గుఱ్ఱమును కొననే కొనరనియు ఒక పెద్దమనిషి నాకు సెలవిచ్చెను.

శాలిహోత్రుని పేర అశ్వశాస్త్ర గ్రంథములు వెలసినవి. తెలుగున మనుమంచి భట్టు హయలక్షణవిలాసమును రచించెను. ఆ కాలమున కది విద్యయే కావచ్చును. కాని ఈనాటికిని గుఱ్ఱమును కొనవచ్చినవాడు మొదట వెదకునది సుడులనే: ఈ సుడి యజమానికి చేటు, ఆ సుడి యిల్లాలికి అరిష్టము, కాళ్లును మొగమును తెల్లనైన పంచకళ్యాణి యింటికి సిరి! వెండ్రుకలు మొలచిన తీరునకును ఇల్లాలి ఆయువునకును సంబంధమేమని యడిగినచో ఒక్కరును నోరు మెదపరు.

నా బాల్యమున మా ఊరి జట్కాల అడ్డాలో అక్షరము రాని ముసలి సాయిబొకడు, ఉలవల సంచి తగిలించుటకు ముందు గుఱ్ఱపు దవుడ యెముక లోపలి యంచున రెండు వ్రేళ్లుంచి నాడి చూచెడివాడు. ఒకనాడు నా వ్రేళ్ల క్రింద నాడి మూడు కొట్టి ఒకటి మానుచుండగా నేను జంకితిని. బండి యెక్కవచ్చిన పురోహితుడు యమగండమని తేల్చెను. సాయిబు నవ్వి, "భయమేం లేదు బాబూ, నాలుగడుగులు దౌడు తీయిస్తే అదే సర్దుకుంటుంది" అని పరుగెత్తించి తెచ్చి మరల చూపెను. తప్పిన దెబ్బ దొరికినది. విశ్రాంతిలో నిమిషమునకు 28 మొదలు 44 మార్లు కొట్టుకొను అశ్వహృదయము తీవ్రధావనమున 220 దాటగలదు. ఊరక నిలుచున్నప్పుడు వేగస్ నాడి దానిని పట్టియుంచుటచేత నడుమ నొక స్పందన మానుట ఆరోగ్యముగల గుఱ్ఱములందును సామాన్యమే. పరుగులోను సర్దుకొనక, ఏ లెక్కకును లొంగక, పైగదులు వణకుచుండుటచేత తప్పుదెబ్బలు కొట్టునదే రోగము. దానిని ఎడమ మోచేతి వెనుక స్టెతస్కోపు నుంచి వినవచ్చును, ఈసీజీలో చూడవచ్చును. పంచాంగమున మాత్రము దొరకదు.

నాడీమండలపు పరీక్షకును మంత్ర మక్కఱలేదు. గుఱ్ఱమును ఇరుకు వలయమున త్రిప్పుదురు, వెనుకకు అడుగులు వేయింతురు, నడచుచుండగా తోకను ప్రక్కకు లాగి నిలద్రొక్కుకొనునో తూలునో చూతురు. పశువుల పొట్టలో నుండు సన్నని పురుగుయొక్క పిల్లలను దోమలు మోసికొనివచ్చి గుఱ్ఱమున విడువగా, అవి దారితప్పి వెన్నుపాములో చొచ్చి నడుము పడగొట్టును; దానినే కుమ్రీ యందురు. మనవారికి మాత్రము అది గాలి సోకుట, దానికి మందు వేపమండ!

ఇక ఆ తెల్లగుఱ్ఱమునకు పట్టిన ధనుర్వాతము. మట్టిలోను లద్దెలోను దాగియుండు క్రిమి గిట్టగాయమున చేరి, గాలి తగులని లోతులో విషము పుట్టించును. ఆ విషము నరముల వెంట వెన్నుపామున కెక్కి, కండరములను సడలనీయక పట్టియుంచును. తల యెత్తినంతనే కంటి లోపలి మూలనుండి మూడవ రెప్ప జాఱి గ్రుడ్డును కప్పుట దాని గుర్తు. అట్టి గుఱ్ఱమునకు తలుపు చప్పుడైనను, వెలుగు తగిలినను ఒడలంతయు బిగిసి ఈడ్చుకొనిపోవును. కావుననే చీకటిగది, నిశ్శబ్దము, గాయశుద్ధి, విషహరమగు సీరము దానికి చికిత్స. మనవారు చేసినదేమి? చెవిలో డప్పు, కంటిలో పొగ, చర్మముపై నిప్పు! పగవాడు పనిగట్టుకొని ఆలోచించినను ఇంతకు మించిన హింస తోచునా? నోరు బిగిసినది గనుక అది అఱవలేదు. అఱవలేదు గనుక నొప్పి లేదనిరి. నేలగూలి కాళ్లు కొట్టుకొనగా భూతము వదలుచున్నదని సంతోషించిరి.

ధనుర్వాత విషమునకు విఱుగుడు రక్తముననే పుట్టునని 1890లో బెర్లినున బేరింగు, కిటసాటో యను శాస్త్రజ్ఞులు చూపిన పిమ్మట, ఆ సీరమును మనుష్యులకై తయారు చేసి యిచ్చినది గుఱ్ఱపు నెత్తురే. మన బిడ్డలను కాచిన జంతువునకు ఒక్క టీకా వేయింపని భక్తులు హయగ్రీవునకు గుగ్గిళ్లు నివేదించి పుణ్యము కట్టుకొందురు. గుఱ్ఱముమీద బ్రతుకువారలారా, వేళకు టీకా వేయింపుడు. మేకు దిగిననాడే వైద్యుని పిలువుడు. వాతలు పెట్టవచ్చినవాడు ఎంతటి శాస్త్రజ్ఞుడైనను లాయపు గడప త్రొక్కనీయకుడు.