కేకు కాదు, వాటా

టీవీ ముందు కూర్చుని ఏడ్చే ఆడవాళ్ళంటే లోకానికి ఎప్పుడూ చులకనే. ఆ చులకన మన సంఘాల్లో లేదని చెప్పుకోలేం. ఈ మధ్య ఒక శిక్షణా శిబిరంలో రాత్రి భోజనాలయ్యాక, ఓ కొరియన్ సీరియల్ చూస్తూ వారం రోజులు ఏడ్చానని చెప్పాను. ఒక పాత మిత్రురాలు నవ్వి "సోషియాలజీలో డాక్టరేట్ చేసి నువ్వు కూడానా!" అంది. పక్కనున్న ఇద్దరు చిన్నమ్మాయిలు మాత్రం "మీరూ చూశారా మేడం! ఆ మనుషులు, ఆ ప్రేమలు, ఆ రోజులే వేరు" అన్నారు. నాకు ఈ రెండు మాటలతోనూ పేచీ ఉంది.

ఆ సీరియల్ పేరు 'రిప్లై 1988'. దక్షిణ కొరియాలో టీవీఎన్ అనే కేబుల్ చానెల్‌లో 2015 నవంబరు నుంచి 2016 జనవరి దాకా 20 భాగాలుగా వచ్చింది. రాసింది లీ ఊజంగ్ అనే రచయిత్రి. దర్శకుడు షిన్ వోన్‌హో. సోల్ నగరంలో స్సాంగ్‌మున్‌డాంగ్ అనే పేట. అందులో ఒక సందు, ఐదు కుటుంబాలు, ఒకే ఈడు పిల్లలు ఐదుగురు. హత్యల్లేవు, పాలల్లో విషం కలిపే అత్తల్లేవు. వంటలు, పరీక్షలు, అప్పులు, జబ్బులు, తొలి ప్రేమలు, అంతే.

మొదటి భాగంలోనే డోక్సన్ అనే పిల్ల నన్ను పట్టేసుకుంది. ఆమె ముగ్గురిలో నడిమిది. పైన అక్క బోరా, కింద తమ్ముడు నోయుల్. తండ్రి బ్యాంకు ఉద్యోగే గానీ స్నేహితుడి అప్పుకి హామీ సంతకం పెట్టి మునిగిపోయాడు. కుటుంబం సగం నేలలోకి దిగిన వాటాలో కాపురముంటోంది. ఆ ఇంట్లో గుడ్లు తక్కువైతే అవి అక్కకీ తమ్ముడికీ పోతాయి. కోడి కాళ్ళూ అంతే. అక్క పుట్టినరోజుకి తెచ్చిన కేకు మీదే కొవ్వొత్తులు మార్చి ఈమె పుట్టినరోజు కూడా కానిచ్చేస్తారు. ఒక రాత్రి ఆ పిల్ల బద్దలైపోతుంది. ఆఖరికి తన పేరు కూడా అక్క పేరులా, తమ్ముడి పేరులా అందంగా పెట్టలేదని ఏడుస్తుంది.

నవ్విన మిత్రురాలికి నా జవాబు ఇదే. ఇంట్లో తిండి ఎలా పంపకమవుతుందో తెలుసుకోడానికి మనం ప్రశ్నావళులు పట్టుకుని ఊళ్ళు తిరుగుతాం. "అందరం ఒకటే తింటామమ్మా" అనే జవాబు రాసుకుని వస్తాం. ఈ సీరియల్ ఒక్క వేపుడు గుడ్డుతో నిజం చెప్పేసింది. మా ఇంట్లో ఉడికిన గుడ్డుని అమ్మ దారంతో కోసేది. అన్నయ్యకి మొత్తం గుడ్డు, నాకూ చెల్లికీ చెరి సగం. అమ్మకి దారానికంటిన పచ్చసొన. ఇది నేనే పరిశోధనా పత్రంలోనూ రాయలేదు. సోల్‌లో ఒక పిల్ల ఏడిస్తే గుర్తొచ్చింది. అలాంటి ఏడుపుని తెలివితక్కువతనం అనడం, స్త్రీల అనుభవాన్ని జ్ఞానంగా ఒప్పుకోని పాత పండితుల పద్ధతే. అది మనకెందుకు?

ఇక "ఆ రోజులే వేరు" అన్న అమ్మాయిల మాట. ఎవరి రోజులు వేరు? ఆ సందులో సాయంత్రమైతే గిన్నెలు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి ప్రయాణం చేస్తాయి. చూస్తే కడుపు నిండుతుంది. గిన్నెలు మోసేది పిల్లలు, వండేది మాత్రం అమ్మలు. ఆ సందు ఆప్యాయత అంతా జీతం లేని చాకిరీ మీద నిలబడింది. మిరాన్ అనే తల్లి ఊరెళ్తుంది. మొగుడూ ఇద్దరు కొడుకులూ ఇల్లు పెంటపెంట చేసుకుని, ఆమె వచ్చేముందు హడావుడిగా సర్దేస్తారు. తను లేకపోయినా ఇల్లు నడిచిందని ఆవిడ చిన్నబుచ్చుకుంటుంది. అది కనిపెట్టిన కొడుకు, అమ్మ సంతోషం కోసం మళ్ళీ పనులు చెడగొట్టిస్తాడు! నేనూ నవ్వాను. తర్వాత ఆలోచించాను. తల్లికి ఇచ్చిన కానుకేమిటి? మరింత పని. చాకిరీ తప్ప వేరే విలువ మిగల్చని వ్యవస్థలో ఆమె దాన్నే ప్రేమగా అందుకుంటుంది. బీమా పాలసీలు అమ్మే తల్లి కూడా ఆ సందులో ఉంది. ఆమె కష్టం కన్నా, ఇంటి వంట దొరకని కొడుకు దిగులే మనకు ఎక్కువగా కనిపిస్తుంది.

అయినా నా అసలు పేచీ ఇవేవీ కావు. తండ్రి క్షమాపణతో నా పేచీ.

ఏడ్చి వెళ్ళిన డోక్సన్ కోసం తండ్రి చీకట్లో సందు మొగలో కేకు పట్టుకుని కూర్చుంటాడు. తను పుట్టుకతో తండ్రిని కాననీ, తండ్రిగా ఉండడం తనకూ ఇదే మొదటిసారనీ, తప్పు జరిగిందనీ చెప్తాడు. ఆ నటుడి మొహం చూసి ఏడవనివాళ్ళు రాయి. నేను మూడుసార్లు చూసి మూడుసార్లూ ఏడ్చాను. కానీ మర్నాడు గుడ్లు ఎన్ని వేగాయి, ఎవరి కంచంలో పడ్డాయి? కేకు మీద నిలిచినంత సేపు కెమెరా ఆ కంచాల మీద నిలవదు. అన్యాయానికి పరిష్కారంగా కన్నీళ్ళు వచ్చాయి, వాటా రాలేదు.

ఆ కాలంలో కొరియా స్త్రీలు క్షమాపణ అడగలేదని గుర్తుంచుకోవాలి. వాళ్ళు అడిగింది చట్టం. అప్పటి కుటుంబ చట్టంలో 'హోజు' అనే ఇంటి యజమాని వ్యవస్థ ఉండేది. ఇంటి యజమాని అయిన భర్త పోతే ఆ స్థానం భార్యకి రాదు, కొడుక్కి పోతుంది. ఈ సీరియల్లోని సన్‌యంగ్‌లా ఇద్దరు పిల్లలతో మిగిలిన వితంతువు, కాగితం మీద తన హైస్కూలు కొడుకు కింద మనిషన్నమాట! దీని మీద దశాబ్దాలు పోరాడినవాళ్ళలో ముందు చెప్పుకోవలసిన పేరు లీ తేయంగ్. ఆమె కొరియాలో మొదటి మహిళా న్యాయవాది. 1956లోనే స్త్రీల కోసం న్యాయ సహాయ కేంద్రం మొదలుపెట్టింది. 1987లో అనేక స్త్రీల సంఘాలు ఒక ఐక్య వేదికగా ఏర్పడ్డాయి. 1989 డిసెంబరులో కుటుంబ చట్టం సవరించారు. 1991 నుంచి కూతుళ్ళకి వారసత్వంలో సమాన వాటా, విడాకులు తీసుకున్న భార్యకి ఆస్తి పంపకం అడిగే హక్కు వచ్చాయి. హోజు వ్యవస్థను రద్దు చేస్తూ 2005 మార్చిలో చట్టం చేశారు, 2008 జనవరి 1 నుంచి అది పోయింది.

సీరియలంటే కరపత్రం కాదు కదా, ఇవన్నీ ఎందుకుండాలి అంటారా? నిజమే, కరపత్రం అక్కర్లేదు. కానీ రాజకీయాలు తెచ్చింది ఆ సీరియలే. విద్యార్థి ఉద్యమంలో తిరిగే బోరా కోసం పోలీసులొస్తే, తల్లి వానలో తడుస్తూ, పాదం గాయపడి కూడా గమనించకుండా, కూతురి తరఫున బతిమాలుతుంది. గొప్ప దృశ్యం. దాంతో బోరా రాజకీయం తల్లి పాదాల దగ్గర కరిగిపోతుంది. అదే స్సాంగ్‌మున్‌డాంగ్‌లో నిజంగా ఇంకొక తల్లి ఉండేది, లీ సోసన్. ఆమె కొడుకు జియోన్ తేయిల్ బట్టలు కుట్టే కార్మికుడు. కుట్టు షాపుల్లో నలిగిపోతున్న ఆడపిల్లల కోసం, కార్మిక చట్టాన్ని అమలు చేయమంటూ 1970 నవంబరు 13న నిప్పంటించుకుని చనిపోయాడు. ఆ తల్లి ఏడ్చి ఊరుకోలేదు. ఆ కార్మికులతో యూనియన్ కట్టింది. 2011లో పోయేదాకా పోరాటంలోనే ఉంది. తల్లి ప్రేమకి ఈ దారి కూడా ఉందని ఆ పేటకే తెలుసు.

ఇంత కోపం నాకెందుకో కూడా చెప్పాలి. మన రాష్ట్రంలో కూతుళ్ళకి పూర్వీకుల ఆస్తిలో హక్కునిచ్చిన సవరణ 1985 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. దేశమంతటికీ 2005 సెప్టెంబరులో వచ్చింది. ఈ తేదీలు నేను శిబిరాల్లో బోర్డు మీద రాసి పాఠం చెప్తాను. మా నాన్న పోయాక, అదే నేను, రిజిస్ట్రారు ఆఫీసులో హక్కు వదులుకుంటూ సంతకం పెట్టాను. ఎవరూ బెదిరించలేదు. అన్నయ్య నా చేతులు పట్టుకుని "చిన్నప్పుడు నీకు చాలా అన్యాయం జరిగిందమ్మా, క్షమించు" అని ఏడ్చాడు. వదిన పట్టుచీర పెట్టింది. అన్నయ్య కన్నీళ్ళు దొంగవి కావు. అందుకే సంతకం అంత తేలిగ్గా పడింది. డోక్సన్ తండ్రి చేతిలో కేకు చూసి నేనెందుకు ఏడ్చానో నాలుగో రోజుకి గానీ అర్థం కాలేదు. నా పట్టుచీర కూడా అలాంటి కేకే.

కనుక మిత్రులారా, ఆ సీరియల్ చూడండి. ఏడవండి, సిగ్గుపడకండి. మన శిబిరాల్లో ఆ దృశ్యం వేసి, తండ్రి క్షమాపణ అయిన చోట ఆపండి. మర్నాడు గుడ్డు ఎవరికని అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో ఆస్తి చట్టం పాఠం మొదలుపెట్టొచ్చు. ప్రేమ లేని హక్కు పొడిగా ఉంటుందని మనల్ని ఎప్పుడూ భయపెడతారు. హక్కు లేని ప్రేమ ఎంత ఖరీదో మాత్రం ఎవరూ లెక్క చెప్పరు.

మా ఇంట్లో అమ్మ వాటా ఇంకా మిగిలి ఉంది. ఏదో ఒక రోజు దాని కోసం కూడా నన్నూ చెల్లినీ పిలుస్తారు. అన్నయ్య మళ్ళీ ఏడుస్తాడు, నేనూ ఏడుస్తాను. సంతకం మాత్రం పెట్టను.