అటకెక్కిన సినిమా చప్పుడు చేయదు

2015 మే 22న డిస్నీ సంస్థ ‘టుమారోల్యాండ్’ అనే సైన్స్ ఫిక్షన్ సినిమా విడుదల చేసింది. జార్జ్ క్లూనీ ఉన్నాడు, దాదాపు 18 కోట్ల డాలర్ల ఖర్చు ఉంది. మొదటి వారాంతం గడిచేసరికే సినిమా నిలబడదని తేలిపోయింది. ఇంకో వారం తిరగకుండానే హాలీవుడ్ వాణిజ్య పత్రికల్లో మరో వార్త: అదే సంస్థ తీయబోతున్న ‘ట్రాన్’ మూడో భాగం ఆగిపోయింది. ఈ రెండు సినిమాలకూ కథలో చుట్టరికం లేదు. దర్శకులు వేరు, నటులు వేరు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, ఒక సినిమా తెచ్చిన నష్టం ఇంకా కెమెరా ముందుకే రాని మరో సినిమా మీద పడింది.

అంతకు ఒకటి రెండు నెలల ముందే పరిస్థితి వేరుగా ఉంది. శరదృతువులో కెనడాలోని వాంకూవర్‌లో షూటింగ్ అని, గారెట్ హెడ్లండ్, ఒలివియా వైల్డ్ తిరిగి వస్తున్నారని, రెండో భాగం తీసిన జోసెఫ్ కొసిన్‌స్కీయే దీన్నీ తీస్తాడని మార్చి, ఏప్రిల్ నెలల్లో వార్తలు వచ్చాయి. అందుకే ఆగిపోయిందన్న మాట వినగానే చాలామంది నమ్మలేదు. వాయిదా పడి ఉంటుందిలే అనుకున్నారు. ఆగిపోయిందా, వాయిదా పడిందా అన్న ఆ తర్జనభర్జన ఏళ్ల తరబడి సాగింది.

సీక్వెల్ రద్దయిందన్న పుకారు పుట్టినప్పుడల్లా మనం ఆ సినిమా వైపే చూస్తాం. హీరో ఇంటర్వ్యూలో ఏమన్నాడు, దర్శకుడు ఎందుకు నవ్వి ఊరుకున్నాడు అని వెతుకుతాం. జవాబు చాలాసార్లు అక్కడ ఉండదు. అది పక్క సినిమా లెక్కల్లో ఉంటుంది, సంస్థ కొత్తగా కొన్న ఆస్తుల్లో ఉంటుంది, లేదంటే హీరో కాల్షీట్లలో ఉంటుంది. సీక్వెల్ ఆగడాన్ని మొదటి సినిమా మీద వచ్చిన తీర్పుగా తీసుకోవడం పొరపాటని చెప్పడానికి ‘ట్రాన్’ చరిత్ర కంటే మంచి సాక్ష్యం నాకు కనిపించలేదు.

మొదటి ‘ట్రాన్’ 1982 జులైలో వచ్చింది. స్టీవెన్ లిస్బర్గర్ దర్శకుడు, జెఫ్ బ్రిడ్జెస్ హీరో. ఒక ప్రోగ్రామర్ కంప్యూటర్ లోపలి ప్రపంచంలో చిక్కుకుపోయే కథ. పూర్తిగా కంప్యూటర్‌తో తయారైన దృశ్యాలు అందులో ఓ పదిహేను ఇరవై నిమిషాలు ఉంటాయి. ఆ రోజుల్లో ఒక్క కంపెనీ వల్ల అయ్యే పని కాదది, నాలుగు కంపెనీలు పంచుకుని చేశాయి. నటుల ఒంటి మీద మెరిసే గీతలు మాత్రం కంప్యూటర్ పని కాదు. నటులను నలుపు తెలుపులో చిత్రీకరించి, ఒక్కో ఫ్రేమును పెద్ద ఫిల్మ్ పలక మీదకు ఎక్కించి, వెనక నుంచి దీపం వెలిగించి రంగులు అద్దారు. ఆ చేతిపనిలో ఎక్కువ భాగం తైవాన్‌లోని ఒక స్టూడియోలో జరిగింది. అంత కష్టం చూశాక కూడా ఆస్కార్ వాళ్లు విజువల్ ఎఫెక్ట్స్ విభాగంలో నామినేషన్ ఇవ్వలేదు. కంప్యూటర్ వాడటాన్ని వాళ్లు మోసం కింద జమకట్టారని లిస్బర్గర్ తర్వాత చెప్పుకున్నాడు.

దాదాపు కోటీ 70 లక్షల డాలర్లు పెట్టిన సినిమాకు అమెరికాలో వచ్చింది మూడు కోట్ల 30 లక్షలు. ఆ వేసవిలో ‘ఇ.టి.’ థియేటర్లను వదలడం లేదు. అందులో ‘ట్రాన్’ కొట్టుకుపోయింది. దాని పేరుతో వచ్చిన వీడియో గేమ్ మాత్రం బాగా ఆడింది. రెండో భాగానికి 28 ఏళ్లు పట్టింది. 2008లో శాన్ డియెగో కామిక్‌కాన్‌లో చిన్న పరీక్ష దృశ్యం ఒకటి చూపిస్తే హాలంతా ఊగిపోయింది. ఆ ఊపుతోనే 2010 డిసెంబర్‌లో ‘ట్రాన్: లెగసీ’ వచ్చింది. డాఫ్ట్ పంక్ సంగీతం, నీలి కాంతుల మోటార్‌సైకిళ్లు, కంప్యూటర్‌తో కుర్రవాడిగా మార్చిన జెఫ్ బ్రిడ్జెస్ ముఖం. ఆ ముఖం ఇప్పుడు చూస్తే మైనపు బొమ్మలా ఉంటుంది గానీ, ఆ సంగీతం మాత్రం ఇన్నేళ్లయినా వన్నె తగ్గలేదు.

ఇక్కడ లెక్క జాగ్రత్తగా చూడాలి. నిర్మాణానికి దాదాపు 17 కోట్ల డాలర్లు, ప్రపంచవ్యాప్తంగా వసూళ్లు దాదాపు 40 కోట్లు. పెట్టుబడికి రెండింతలకు పైనే కదా అనిపిస్తుంది. కానీ టికెట్ డబ్బులో రమారమి సగం థియేటర్ల దగ్గరే ఆగిపోతుంది. ప్రచార ఖర్చు నిర్మాణ ఖర్చులోకి రాదు, అది విడిగా మరో భారీ మొత్తం. అవన్నీ తీసేస్తే మిగిలింది అటు హిట్టూ కాదు, ఇటు ఫ్లాపూ కాదు. నా దృష్టిలో పుకార్లన్నీ పుట్టేది సరిగ్గా ఈ మధ్య జాగాలోనే. ఘోరంగా పోయిన సినిమాకు సీక్వెల్ ఎప్పుడని ఎవరూ అడగరు. 2012లో ‘జాన్ కార్టర్’ మీద డిస్నీ 20 కోట్ల డాలర్ల దాకా పోగొట్టుకుంది, దాంతో రెండో భాగం ఊసే లేకుండా పోయింది. అటు 2009 నాటి ‘అవతార్’కు రెండో భాగం 2014లో రావాల్సింది 2022లో వచ్చినా, రద్దయిందేమోనని కలవరపడినవాళ్లు తక్కువ. అంత డబ్బు తెచ్చిన సినిమాను ఎవరూ వదులుకోరని అందరికీ తెలుసు. మధ్యలో నిలిచిన సినిమాకే ఆశ చావదు, భరోసా దొరకదు.

‘లెగసీ’ని మధ్యలోనే ఉంచేసిన కారణం ఇంకొకటి ఉంది. డిస్నీ 2009లో మార్వెల్‌ను కొనే ఒప్పందం చేసుకుంది. 2012 అక్టోబర్ 30న లూకాస్‌ఫిల్మ్‌ను 405 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. దాంతో ‘స్టార్ వార్స్’ ఇంట్లోకి వచ్చి కూర్చుంది. అప్పటిదాకా డిస్నీకి ‘ట్రాన్’తో పని ఉండేది. కుర్రకారును రప్పించే భవిష్యత్తు కథ వాళ్ల చేతిలో ఇంకొకటి లేదు. ‘స్టార్ వార్స్’ వచ్చాక ఆ అవసరం తీరిపోయింది. 2015 మే నెలనే తీసుకోండి. మార్వెల్ తీసిన ‘అవెంజర్స్’ రెండో సినిమా వంద కోట్ల డాలర్లు దాటిపోతోంది, ‘టుమారోల్యాండ్’ చతికిలపడుతోంది. లెక్కలు చూసే అధికారికి అందులోంచి ఒక్కటే అర్థమవుతుంది: పేరున్న బ్రాండ్లకు డబ్బు పెట్టు, మిగతావి ఆపు. మార్వెల్, స్టార్ వార్స్ చేతికొచ్చాక ‘ట్రాన్’ స్థానం మారిపోయిందని కొసిన్‌స్కీ కూడా తర్వాతి ఇంటర్వ్యూల్లో ఒప్పుకున్నాడు. అతని గొంతులో కోపం కంటే బాధే ఎక్కువ వినిపించింది.

ఇదే కథ ‘లెగసీ’ వచ్చిన ఎనిమిదేళ్లకు ‘అలీటా: బ్యాటిల్ ఏంజెల్’కు మళ్లీ జరిగింది. అంకెలు కూడా దాదాపు అవే: ఖర్చు 17 కోట్ల డాలర్ల చుట్టుపక్కల, వసూళ్లు 40 కోట్ల చిల్లర. 2019 ఫిబ్రవరి 14న అమెరికాలో విడుదలైంది. మార్చి 20కల్లా దాన్ని తీసిన ఫాక్స్ సంస్థే డిస్నీ చేతికి వెళ్లిపోయింది. బిడ్డ పుట్టిన నెలకే ఇల్లు అమ్ముడుపోయినట్టయింది. కొత్త యజమాని దగ్గర ఆ సినిమా మీద ప్రేమ ఉన్నవాళ్లు తక్కువ. 2020 ఆస్కార్ వేడుక రోజున అభిమానులు చందాలు వేసుకుని, సీక్వెల్ కావాలన్న బ్యానర్‌ను విమానానికి కట్టి ఆకాశంలో తిప్పించారు. ఆ పనిని వెర్రి అని కొట్టిపారేయలేను. ఔననో కాదనో ఒక్క మాట చెప్పేవాళ్లు లేనప్పుడు మనిషి ఇంకేం చేస్తాడు?

ఆ ఒక్క మాట ఎందుకు రాదన్నది అసలు ప్రశ్న. పెద్ద స్టూడియోలో సీక్వెల్ అంటే చాలాకాలం పాటు కాగితాల మీద ఉండే పని. కథ రాయిస్తారు, బొమ్మలు గీయిస్తారు, బడ్జెట్ వేయిస్తారు. ఇంత ఖర్చయినా సినిమా తీస్తామని సంస్థ మాట ఇచ్చినట్టు కాదు. డబ్బు విడుదలకు చివరి సంతకం పడాలి. ఆ సంతకం పడకపోతే ప్రత్యేకంగా రద్దు చేయాల్సిందేమీ ఉండదు, ఊరికే ఉంటే చాలు. పైగా రద్దని బయటికి చెబితే ఓటమిని ఒప్పుకున్నట్టవుతుంది. ఆ పేరుతో అమ్ముడయ్యే బొమ్మలు, ఆటలు, థీమ్ పార్కు రైడ్ల విలువ తగ్గుతుంది. రేపు మనసు మారితే వెనక్కి తిరగడం కష్టమవుతుంది. కాబట్టి మౌనమే వాళ్లకు లాభం. ఆ మౌనం ఖరీదు కట్టేది వేరేవాళ్లు: శరదృతువంతా ఈ పనికని ఖాళీ పెట్టుకున్న సెట్ కార్మికులు, నెలల ముందే ఆర్టిస్టులను సర్దిపెట్టుకునే ఎఫెక్ట్స్ కంపెనీలు. ‘లెగసీ’ ఎఫెక్ట్స్ చేసిన డిజిటల్ డొమైన్ అయితే ఆ సినిమా వచ్చిన రెండేళ్లలోపే, 2012 సెప్టెంబర్‌లో, దివాలా పిటిషన్ వేసింది. తర్వాత చేతులు మారి నిలదొక్కుకుంది. ఇప్పుడు హైదరాబాద్‌లో కూడా దానికి స్టూడియో ఉంది. అమెరికాలో పడే ఒక సంతకం మీద మన కుర్రాళ్ల పని కూడా ఆధారపడుతుందని చెప్పడానికే ఈ మాట.

మన దగ్గరా ఇలాంటి పుకార్లకు కొదవ లేదు. తెలుగు సినిమా వాళ్ల భాషలో కొత్త సినిమా ‘పట్టాలెక్కుతుంది’, లేదా ‘అటకెక్కుతుంది’. పట్టాలెక్కిన రోజు కొబ్బరికాయ కొడతారు, ఫొటోలు పంపుతారు. అటకెక్కిన రోజు ఏదో ఎవరికీ తెలియదు. 1991లో సింగీతం శ్రీనివాసరావు తీసిన ‘ఆదిత్య 369’కు సీక్వెల్ ఉంటుందని బాలకృష్ణ ఎన్నోసార్లు చెప్పారు. ‘ఆదిత్య 999 మ్యాక్స్’ అన్న పేరు కూడా జనం నోళ్లలో నానింది. మొదటి సినిమానే 2025 ఏప్రిల్‌లో కొత్త హంగులతో మళ్లీ థియేటర్లకు వచ్చింది, రెండోది రాలేదు. దాన్ని ఎవరూ రద్దు చేయలేదు. మొదలు కానిదాన్ని రద్దు చేయడం కుదరదు కూడా.

‘కల్కి 2898 ఏడీ’ సంగతి ఇంకో రకం. 2024 జూన్ 27న విడుదలై వెయ్యి కోట్ల రూపాయలు దాటిన సినిమా ఇది. కథ సగంలోనే ఆపి, మిగతాది తర్వాత చెబుతామని మాటిచ్చిన సినిమా. నేను పైన చెప్పిన మధ్య జాగాలో లేదిది, అయినా అనుమానాలు తప్పలేదు. 2025 సెప్టెంబర్ 18న నిర్మాణ సంస్థ వైజయంతీ మూవీస్ ఒక ప్రకటనలో సీక్వెల్‌లో దీపికా పదుకొణె ఉండరని చెప్పింది. మొదటి భాగం కథంతా ఆమె పోషించిన సుమతి కడుపులోని బిడ్డ చుట్టే తిరిగింది, అందుకే ఇక రెండో భాగం లేనట్టేనా అన్న మాట మొదలైంది. నేను ఆ ప్రకటనను తిరగేసి చదివాను. తీయని సినిమాలోంచి నటిని తప్పించాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. పేరుపెట్టి, తేదీ వేసి, బహిరంగంగా విడిపోయారంటే ఆ వేళకు ఆ సినిమా మీద పని జరుగుతోందనే అర్థం. ప్రకటన వచ్చినందుకు భయపడ్డాం, నిజానికి భయపడాల్సింది ప్రకటనలేవీ రానప్పుడు.

మన సీక్వెల్‌కు గండం వచ్చే దారి కూడా వేరే. డిస్నీలో ఒక సినిమా నష్టం మరోదాన్ని చంపుతుంది. మన దగ్గర సినిమా హీరో తేదీల మీద వేలాడుతుంది. ‘కల్కి’ హీరో ప్రభాస్ లాంటి నటుడి చేతిలో ఒకేసారి మూడు నాలుగు సినిమాలుంటాయి, ఒకటి వాయిదా పడితే వెనకున్నవన్నీ వాయిదా పడతాయి. ‘కల్కి’ మొదటి భాగమే 2020 ఫిబ్రవరిలో ప్రకటించాక తెరమీదకు రావడానికి నాలుగేళ్లు దాటింది. 2024 జనవరి 12 అన్నారు, మే 9 అన్నారు, చివరికి జూన్ 27 అయింది. ఆ ఆలస్యం అర్థం చేసుకోదగ్గదే. అంతటి ప్రపంచాన్ని కట్టాలంటే సెట్లు, వాహనాలు, ఎఫెక్ట్స్ అన్నీ కొత్తగా తయారు కావాలి, మామూలు సినిమా లెక్క దీనికి సరిపోదు. ఆ మాటే నిర్మాతలు ఆరు నెలలకోసారి చెప్పినా ప్రేక్షకుడు ఓపిక పడతాడు. తెలుగు ప్రేక్షకుడి ఓపిక తక్కువదేమీ కాదు.

ఇంతకీ ‘ట్రాన్’ ఏమైంది? 2017లో మరో నటుడు జారెడ్ లెటో పేరుతో మళ్లీ కదలిక మొదలైంది. ఒక దర్శకుడు వచ్చాడు, వెళ్లాడు. 2023లో హాలీవుడ్ రచయితలు, నటులు సమ్మె చేశారు. ఎట్టకేలకు 2024 ఆరంభంలో అదే వాంకూవర్‌లో షూటింగ్ మొదలై, 2025 అక్టోబర్ 10న ‘ట్రాన్: ఏరీస్’ విడుదలైంది. ప్రపంచం మొత్తం మీద వసూళ్లు 15 కోట్ల డాలర్లకు కూడా చేరలేదు, ఖర్చు అంతకంటే ఎక్కువ. 2015లో అధికారులు పడ్డ భయమే నిజమైందని కొందరంటారు. నేను ఒప్పుకోను. అప్పుడు ఆపింది ఈ సినిమాను కాదు. ‘లెగసీ’ చూసినవాళ్లు ఎదురుచూస్తున్న కథను ఆపి, వాళ్లలో చాలామంది ఆశ వదులుకున్న పదేళ్లకు, వాళ్లు అడగని కథను చూపించారు. మూడో భాగం రద్దయిందన్న పుకారు అబద్ధమని చెప్పాలంటే చెప్పొచ్చు, ఆ పేరుతో సినిమా వచ్చింది కాబట్టి. నిజమని కూడా చెప్పొచ్చు, రావాల్సింది అది కాదు కాబట్టి.

‘లెగసీ’ చివర్లో సామ్ అనే కుర్రవాడు, కంప్యూటర్ లోకంలో పుట్టిన కోరా అనే అమ్మాయిని మోటార్‌సైకిల్ మీద ఎక్కించుకుని మన లోకంలోకి తెస్తాడు. ఆమె జీవితంలో మొదటిసారి సూర్యోదయం చూస్తుంది. ఆ తర్వాత వాళ్లిద్దరూ ఎటు వెళ్లారో కొసిన్‌స్కీ కథ రాయించి, షాట్లవారీగా బొమ్మలు కూడా గీయించాడు. ‘ఏరీస్’ కథ నడిపింది వాళ్లు కాదు. ఆ బొమ్మలు ఇంకా ఆ కాగితాల మీదే ఉన్నాయి.