మనమిచ్చిన రక్తం ఏమవుతుంది?

మనం రక్తమిచ్చి, పండ్లరసం త్రాగి ఇంటికి వచ్చేస్తాము. అసలు పని ఆ తరువాతే మొదలవుతుంది. బ్లడ్ బ్యాంకువారు హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేస్తారు. రక్తాన్ని యంత్రంలో వేగంగా త్రిప్పి ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు, ప్లాస్మా వేరుచేస్తారు. అలా ఒక్కరి దానం ముగ్గురికి ఉపయోగపడవచ్చు.

అతిశీతలంలో ప్లాస్మా ఏడాది నిలుస్తుంది. ఫ్రిజ్‌లో ఎర్రకణాలు 42 రోజుల వరకు ఉంటాయి. ప్లేట్‌లెట్లు మాత్రం 5 రోజులే! అందుకే పండుగనాడు వందమందిమి కలిసి ఇచ్చినా, మరుసటి వారం ప్లేట్‌లెట్లు అవసరమైన బిడ్డకు అవి దొరకకపోవచ్చు.

ఆరోగ్యవంతులైన పురుషులు 3 నెలలకు, స్త్రీలు 4 నెలలకు ఒకసారి ఇవ్వవచ్చు. కనుక అందరం ఒకేరోజు కాక, వంతులు వేసుకుందాము. ఈ వారం మనలో ఎవరి వంతు?