జట్టు ఎవరిది?

2025లో దీపావళి అయిపోయిన తరువాత ఒక ఆదివారం నాడు మన హాస్టల్‌కు పోయాను. వరండాలో ట్రంకుపెట్టె మీద కూర్చుని తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒకడు లెక్కలు చేసుకుంటున్నాడు. ఒంటి మీద పసుపుపచ్చ జెర్సీ ఉంది. అది హైదరాబాద్ ఎఫ్‌సీ ఫుట్‌బాల్ జట్టు జెర్సీ. వాళ్ల మేనమామ హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ అట. అక్కడి పిల్లలకు పొట్టిదైపోతే వీడికి తెచ్చి ఇచ్చాడట. నన్ను చూసి లేచి నిలబడి అడిగాడు: "అన్నా, మా టీం ఢిల్లీకి పోయిందంట గదా. మరి ఇది ఏసుకోవాల్నా, తీసెయ్యాల్నా?"

"బట్ట మంచిగనే ఉంది గదా తమ్మీ, ఏసుకో" అని నవ్వి వచ్చేశాను. బస్సెక్కి సగం దూరం వచ్చాక నా జవాబు నాకే తప్పనిపించింది. వాడు అడిగింది బట్ట గురించి కాదు. జట్టు ఎవరిదని అడిగాడు. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగితే, ఆ రోజు చెప్పలేని జవాబును ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఆ జట్టు సంగతి. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టింది. ఇండియన్ సూపర్ లీగ్‌లో పూణే జట్టు మూతబడితే దాని స్థానంలో మన హైదరాబాదుకు జట్టు వచ్చింది. గచ్చిబౌలి స్టేడియం వాళ్ల సొంత మైదానం. కరోనా వల్ల రెండు సీజన్లు గోవాలోనే ఆడవలసి వచ్చింది. అక్కడే 2022 మార్చి 20న కేరళ జట్టుతో ఫైనల్. ఆట 1-1తో సమానమైతే పెనాల్టీ షూటౌట్‌లో 3-1తో గెలిచారు. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. దేశంలోనే పెద్ద లీగ్‌లో హైదరాబాదు పేరున్న జట్టు ఛాంపియన్ అయింది. ఆ తరువాత డబ్బు ఇబ్బందులు మొదలయ్యాయి. జీతాలు అందక మంచి ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2024లో యాజమాన్యం చేతులు మారింది. 2025లో జట్టు ఢిల్లీకి పోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. మొత్తం ఆరేళ్ల ముచ్చట.

ఇందులో మనం ఒప్పుకోవలసిన మాట ఒకటి ఉంది. 2019లో జట్టు మనకు వచ్చినప్పుడు సంబరపడ్డామే గాని, పూణేలో జెర్సీ వేసుకున్న పిల్లలు ఏమనుకున్నారో ఆలోచించలేదు. వచ్చిన దారినే పోయింది. డబ్బు పెట్టి తెచ్చిన జట్టును డబ్బు పెట్టినవాడు ఎక్కడికైనా తీసుకుపోగలడు.

అయితే హైదరాబాదుకు జట్టు అంటే ఇదొక్కటే కాదు. ఇది మన పిల్లల్లో చాలామందికి తెలియదు. నాకు కూడా ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్లకు గాని తెలియలేదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు అని ఒకటి ఉండేది. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది ఆ జట్టే. 1950లోనే డ్యూరాండ్ కప్ ఫైనల్‌లో కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించింది. అప్పట్లో ఫుట్‌బాల్ అంటే కలకత్తా, కలకత్తా అంటే ఫుట్‌బాల్. అట్లాంటి రోజుల్లో నిజాం పాలన నుంచి అప్పుడప్పుడే బయటపడిన ఊరి పోలీసులు వెళ్లి కప్పులు ఎత్తుకొచ్చారు. మన పాలమూరు తాతలు తట్టా పారా పట్టుకుని బొంబాయికి బతకబోయిన కాలంలోనే, మన దిక్కు వాళ్లే బొంబాయిలో మైదానం గెలిచారంటే నాకు ఈరోజుకీ ఒళ్లు పులకరిస్తుంది.

ఆ జట్టు వెనుక ఉన్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన కోటీశ్వరుడు కాదు, బడిపంతులు. ఉస్మానియాలో చదివి హైదరాబాదు బడుల్లో పాఠాలు చెప్పారు. అందుకే అందరూ రహీం సాబ్ అని పిలిచేవారు. 1943 నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఉన్నారు. ఆయన పద్ధతి కూడా పంతులు పద్ధతే. కుడికాలి వాటం ఉన్నవాళ్లు ఎడమకాలితోనే ఆడాలని పోటీలు పెట్టేవారు. బంతిని ఒక్కడే పట్టుకుని ఉరకకూడదు, అందుకోగానే ఇంకొకరికి ఇచ్చేయాలని మరో రకం పోటీలు పెట్టేవారు. మన లెక్కల సారు బలహీనంగా ఉన్న పిల్లవాడినే మళ్లీ మళ్లీ బోర్డు దగ్గరికి పిలిచినట్లు, ఆయన బలహీనమైన కాలినే బయటికి పిలిచారు.

ఆయన దేశం జట్టుకు కూడా కోచ్ అయ్యారు. 1951లో ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం. మరుసటి ఏడాదే హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓటమి. ఆ చలిలో మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. నాలుగేళ్ల తరువాత, 1956లో మెల్‌బోర్న్‌లో, మన జట్టు ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లింది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్లీ బంగారం. అప్పటికే రహీం సాబ్‌కు క్యాన్సర్. 1963 జూన్ 11న చనిపోయారు.

తులసీదాస్ బలరామ్ సంగతి కూడా మన పిల్లలకు చెప్పాలి. సికింద్రాబాదు పక్కన అమ్ముగూడలో పేద ఇంట్లో పుట్టాడు. కొడుకు గుమాస్తా ఉద్యోగం చేస్తే చాలని తల్లి ఆశ. రహీం సాబ్ వాడి ఆట చూసి శిక్షణకు రమ్మంటే, అంత దూరం రావడానికి డబ్బులు లేవన్నాడు. అప్పుడు ఆయన సైకిల్ కిరాయికి రోజుకు ఒక రూపాయి ఇచ్చేవారట. ఆ పిల్లవాడు మెల్‌బోర్న్, రోమ్ ఒలింపిక్స్‌లో దేశం తరఫున ఆడాడు. జకార్తా బంగారు జట్టులో ఉన్నాడు. 2023లో చనిపోయేదాకా దేశంలో మేటి ఫుట్‌బాల్ ఆటగాళ్ల పేర్లు చెబితే ఆయన పేరు లేకుండా ఉండేది కాదు. ఒక రూపాయి, ఒక కిరాయి సైకిల్, పట్టించుకునే ఒక పెద్దమనిషి. అంతకు మించి పెట్టుబడి లేదు.

మరి అంతటి జట్టు ఏమైంది? ఒక్కరోజులో పోలేదు. రహీం సాబ్ పోయాక కూడా కొన్నాళ్లు సాగింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ కూడా గెలిచింది. కానీ నయీముద్దీన్, హబీబ్ వంటి మెరికలు కలకత్తా క్లబ్బులకు వెళ్లిపోయారు. ఎవరి బతుకు వారిది, వాళ్లను తప్పు పట్టలేం. తప్పు ఎక్కడంటే, ఒక పంతులు భుజాల మీద నడిచిన పనిని ఆయన తరువాత పదిమంది పంచుకోలేదు. 2024లో ఆయన మీద 'మైదాన్' అనే హిందీ సినిమా వస్తే గాని, ఆ పేరు హైదరాబాదు పిల్లలకే తెలియలేదు. జట్టు పోవడం ఒక నష్టం. జట్టు ఉండేదన్న సంగతి కూడా పోవడం రెండో నష్టం. మొదటిదానికి డబ్బు కారణం కావచ్చు. రెండోదానికి మాత్రం మనమే కారణం.

ఇప్పుడు చాలా దూరంలో జరిగిన ఒక కథ చెబుతాను. ఎందుకంటే ఆ తమ్ముడి ప్రశ్న సరిగ్గా అట్లాగే ఇంగ్లండ్‌లో ఇరవై ఏళ్లకు ముందే వచ్చింది. లండన్‌లో వింబుల్డన్ అనే పేట ఉంది. మనకు టెన్నిస్ వల్ల తెలుసు. అక్కడ 1889లో పుట్టిన ఫుట్‌బాల్ క్లబ్ చిన్న చిన్న లీగ్‌లలో ఆడుతూ ఆడుతూ 1986లో పై డివిజన్‌కు చేరింది. 1988లో లివర్‌పూల్ అంతటి జట్టును 1-0తో ఓడించి ఎఫ్ఏ కప్ గెలిచింది. తరువాత సొంత మైదానం పోయింది. వేరే క్లబ్ మైదానంలో కిరాయికి ఆడింది. చివరికి యజమానులు జట్టును దాదాపు తొంభై కిలోమీటర్ల దూరంలోని మిల్టన్ కీన్స్ పట్నానికి తీసుకుపోతామన్నారు. 2002 మే నెలలో అధికారులు సరే అన్నారు. పాత అభిమానులు మళ్లీ కొత్త క్లబ్ పెట్టుకోవడం ఫుట్‌బాల్‌కు మంచిది కాదని కూడా ఆ తీర్పులో రాశారు.

అభిమానులు ఏడ్చి ఊరుకోలేదు. కొద్ది వారాల్లోనే ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని సొంతంగా క్లబ్ పెట్టుకున్నారు. ఆటగాళ్లు కావాలని కబురు పెడితే, పేటలోని ఖాళీ మైదానానికి రెండు వందల మందికి పైగా వచ్చి నిలబడ్డారు. అందులోంచి జట్టును ఏరుకున్నారు. మొదలుపెట్టింది తొమ్మిదో మెట్టు లీగ్‌లో. మన లెక్కలో చెప్పాలంటే మండల స్థాయి. ఆ మండల స్థాయి ఆటలకే వేలమంది వచ్చి నిలబడ్డారు. 2003 నుంచి 2004 దాకా 78 లీగ్ మ్యాచ్‌లు ఓటమి లేకుండా ఆడారు. తొమ్మిదేళ్లలో ఐదు మెట్లు ఎక్కి 2011లో ఫుట్‌బాల్ లీగ్‌లోకి వచ్చారు. 2020 నవంబరులో తమ పాత వీధి ప్లౌ లేన్‌లోనే కొత్త స్టేడియం కట్టుకుని తిరిగి వచ్చారు. దానికి డబ్బు తక్కువ పడితే అభిమానులే బాండ్లు కొని సర్దారు. ఒకసారి మెట్టు దిగారు, 2025లో మళ్లీ ఎక్కారు. కప్పులు పెద్దగా లేవు. కానీ ఆ క్లబ్‌ను రాత్రికి రాత్రి లారీలో వేసుకుపోయే మొనగాడు లేడు. ఎందుకంటే దాంట్లో పెద్ద వాటా అభిమానుల ట్రస్టుదే.

మిత్రులారా, మూడు జట్లు చూశాం. ఒకటి డబ్బు మీద నిలబడింది, డబ్బుతో పాటే పోయింది. ఒకటి ఒక గురువు మీద నిలబడింది, గురువు తరువాత మెల్లమెల్లగా ఆరిపోయింది. ఒకటి పదిమంది చేతుల మీద నిలబడింది, అది కింద పడినా లేస్తున్నది. జట్టు ఎవరిది అంటే, దాన్ని చూసుకునేవాళ్లది. నా జవాబు ఇదే.

అయితే మన హాస్టల్ జట్టు ఎవరిది?

మా రోజుల్లో మన హాస్టల్‌కు ఒకటే ఫుట్‌బాల్. బ్లాడర్ పగిలితే సైకిల్ షాపుకు తీసుకుపోయి పంక్చర్ వేయించేవాళ్లం. కాస్మెటిక్ చార్జీల్లోంచి తలా రూపాయి వేసుకున్నాం. ఆ బంతితోనే జోనల్ ఆటల్లో కప్పు తెచ్చాం. ఆ కప్పు ఇప్పుడు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఆ ఏడు ఎవరెవరు ఆడారో రాసిపెట్టిన కాగితం లేదు. గోల్‌కీపర్‌గా ఆడిన నాకే ఇద్దరి పేర్లు గుర్తుకు రావడం లేదు. రహీం సాబ్ జట్టును మరచిపోయారని హైదరాబాదును తప్పుపట్టే హక్కు నాకు ఎక్కడిది?

పూర్వ విద్యార్థులం మనం హాస్టల్‌కు ఏమీ ఇవ్వడం లేదని కాదు. ఫ్యాన్లు ఇచ్చాం, స్టీలు పళ్లేలు ఇచ్చాం. భోజనాల గదిలో నేనిచ్చిన ఫ్యాన్ ఉంది. దాని రెక్క మీద నా పేరు ఎర్ర పెయింటుతో పెద్ద అక్షరాల్లో ఉంది. మొన్న పోయినప్పుడు అది తిరగడం లేదు. ఇచ్చిన రోజు ఫొటో దిగాను, తరువాత ఒక్కసారి కూడా అడగలేదు. వస్తువు ఇవ్వడం వేరు, చూసుకోవడం వేరు. అటు ఆటస్థలం చూస్తే సగం సర్కారు తుమ్మ మొలిచింది. ఒక పక్క గోలు ఉన్నచోట ఇసుక కుప్ప ఉంది.

"ముందు చదువు, తరువాత ఆట" అని మనలో కొందరు అంటారు. అది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. తల్లిదండ్రులు బత్తాయి తోటల్లో, పత్తి చేలల్లో కూలి చేసి, వలసలు పోయి మనల్ని ఇక్కడ వదిలింది చదువు కోసమే. బలరామ్ తల్లి కోరింది కూడా అదే. ఆటతో అందరికీ ఉద్యోగాలు వస్తాయని నేను చెప్పను, అది అబద్ధం. నేను అనేది వేరు. బంతి అందుకోగానే పక్కవాడికి ఇవ్వడం, ఓడిన రోజు కూడా మళ్లీ మైదానానికి రావడం, పెద్దవాళ్లు చిన్నవాళ్లకు నేర్పి పోవడం, ఇవి నేర్చుకున్నవాడు చదువులో వెనుకబడడు. సాయంత్రం గంటన్నర ఆడితే స్టడీ అవర్‌లో నిద్ర రాదా అంటే, ఆడనివాళ్లు కూడా స్టడీ అవర్‌లో నిద్రపోవడం మనకు తెలిసిందే.

పెద్ద పనులేమీ వద్దు. నేను అడిగేవి నాలుగే. ఒకటి, హాస్టల్ జట్టుకు ఒక రిజిస్టరు పెట్టండి. ప్రతి ఏడూ ఆడినవాళ్ల పేర్లు, ఆడిన ఆటలు, గెలుపోటములు అందులో రాయండి. ఓడినవి తప్పకుండా రాయండి. రెండు, పదో తరగతి వాళ్లు వెళ్లిపోయే ముందు ఏడో తరగతి వాళ్లను కూర్చోబెట్టి బంతిని, రిజిస్టరును చేతికి అప్పజెప్పండి. మూడు, పూర్వ విద్యార్థులం ఒక్కొక్కరం నెలకు కొంత వేసుకుని బంతులు, బూట్లు కొందాం, వాటి మీద ఎవరి పేరూ రాయవద్దు. నాలుగు, ఏడాదికి రెండుసార్లు వచ్చి తుమ్మ కొట్టి మైదానం చదును చేద్దాం. వచ్చేవాళ్లు గొడ్డలి తెచ్చుకోండి, కెమెరా అక్కరలేదు.

ఆ రెండు పేర్లు తెలిసినవాళ్లు దయచేసి నాకు చెప్పండి. రిజిస్టరు మొదటి పేజీ మా జట్టుతో మొదలుపెడదాం, పదకొండు పేర్లూ ఉండాలి.

ఇక పసుపుపచ్చ జెర్సీ తమ్ముడూ, ఈ పుస్తకం నీ చేతికి వస్తే ఇది నీకే. జెర్సీ తీసెయ్యకు. అది ఢిల్లీకి పోయినవాళ్లది కాదు. ఏసుకుని సాయంత్రం గ్రౌండుకు రా. వచ్చే ఆదివారం నేను ఫ్యాన్ బాగుచేసే మనిషిని తోలుకుని వస్తున్నాను. ఆ పని అయ్యాక ఇద్దరం కలిసి ఇసుక ఎత్తుదాం.