బాగుచేయించాలా? కొత్తది కొనాలా?

ఇంట్లో ఏ వస్తువు మొరాయించినా "ఇక పారేయండి" అనే మాట ఈ రోజుల్లో చాలా తేలికగా వినిపిస్తుంది. మా సి.డి. ప్లేయరు గరగరలాడడం మొదలుపెట్టినప్పుడు మా అబ్బాయి కూడా ఆ మాటే అన్నాడు. "ఇంకా ఎందుకు నాన్నా ఇది? అవ్వకు పాటలు ఫోనులో పెట్టి ఇద్దాం" అన్నాడు. మా అమ్మ ఏమీ అనలేదు. ఆమె దాచుకున్న బిళ్లలలో ఒకదానిలో మా నాన్నగారు చదివిన భారత పద్యాలున్నాయి. మద్రాసులో పుట్టి పెరిగిన మాకు తెలుగు బడిలో కంటె ఆ గొంతులోనే ఎక్కువగా వినబడింది.

జబ్బేమిటో తెలుసుకోకుండా వస్తువును పారేయకూడదని నా అభిప్రాయం. ఈ యంత్రాలు 1982లో మొదట జపానులో అమ్మకానికి వచ్చాయి. 12 సెంటీమీటర్ల వ్యాసం గల బిళ్ల మీద కంటికి కనబడనంత సన్నని గుంటల వరుస లోపలి నుండి అంచువైపు చుట్టలుగా సాగుతుంది. లేజరు కిరణం దానిని చదువుతుంది. గ్రామఫోను ముల్లులాగా అది బిళ్లను తాకదు. కనుక అక్కడ ఒరిపిడి ఉండదు. మరి చప్పుడు ఎక్కడిది?

స్పీకరులో నుండి వస్తోందా, పెట్టెలో నుండి వస్తోందా అన్నది మొదట చూడాలి. పాట లేనప్పుడు కూడా స్పీకరు "గుయ్" మంటూ ఉంటే కరెంటు సరఫరా చేసే భాగంలో కెపాసిటర్లు పాతబడి ఉండవచ్చు. వాల్యూం మీట తిప్పినప్పుడే బరబరమంటే అందులో దుమ్ము చేరిందన్నమాట. ఇవి చిన్న ఖర్చుతో పోయేవే. చప్పుడు పెట్టెలోనిదైతే మోటారునో, గ్రీజు ఎండిన పళ్లచక్రాలనో అనుమానించాలి.

మా పెట్టె చప్పుడు ఒక చిత్రమైన పద్ధతిలో ఉండేది. బిళ్ల మొదట్లో ఎక్కువగా ఉండి, పోనుపోను తగ్గేది. లోపలి చుట్టలు చదివేటప్పుడు బిళ్ల నిమిషానికి సుమారు 500 సార్లు, అంచుకు చేరేసరికి 200 సార్లు తిరుగుతుంది. వేగం ఎక్కువైనప్పుడు అదురు ఎక్కువ. పైగా ఆ గరగర నాన్నగారి బిళ్లకే వచ్చేది. దాని మీద పేరు రాసి కాగితం అంటించింది నేనే, అదీ వంకరగా! బరువు ఒకవైపుకు ఒరిగి బిళ్ల కొట్టుకుంటోంది. ఇన్నాళ్లూ నిందపడింది యంత్రం మీద.

మిగతా బిళ్లలకు ఒక పాట నుండి మరొక పాటకు వెళ్లేటప్పుడు మాత్రం కిర్రుమనేది. రిచీ వీధిలో ఒక మెకానిక్కు చూపిస్తే ఎండిన గ్రీజు తుడిచి, కొత్తది రాసి, మూడు వందలు తీసుకున్నాడు. కొత్త ప్లేయరు కొనాలంటే నాలుగు వేలు పైమాటే.

అన్నిటినీ బాగుచేయించమని నేను చెప్పను. లేజరు భాగమే అరిగిపోయి, అది బజారులో దొరకకపోతే ఆ పెట్టె కోసం తిరగడం దండగ. అప్పుడు కూడా చెత్తకుండీలో వేయకూడదు. పాత సర్క్యూటు పలకల అతుకులలో సీసం ఉంటుంది. దానిని ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునేవారికే ఇవ్వాలి. మరొక మాట. మీరు సొంతంగా మూత విప్పకండి. లేజరు కిరణం కంటికి హాని చేస్తుంది.

నాన్నగారి బిళ్ల సంగతి మిగిలింది. కాగితం పీకితే దానితోపాటు కింది మెరుపుపొర కూడా ఊడివచ్చే ప్రమాదం ఉంది. ఇంట్లో రాసుకున్న బిళ్లలు ఏళ్లు గడిస్తే వాటంతట అవే చెడిపోతాయి కూడా. ఈ విషయంలో మా అబ్బాయి మాటే నెగ్గింది. వాడు కంప్యూటరులో నెమ్మదిగా నకలు తీసి, ఒకటి ఫోనులోను, ఒకటి కొత్త బిళ్లలోను ఎక్కించాడు. అమ్మ ఫోను వద్దంది. మీట నొక్కితే పలికే పాత పెట్టెనే మంచం పక్కన పెట్టించుకుంది. కొత్త బిళ్ల మీద కాగితం అంటించనివ్వకుండా, తాతయ్య పేరు మనవడి చేతనే మార్కరు కలంతో తెలుగులో రాయించింది.