వీరుని తప్పు ఎవరు చెప్పాలి?

సర్వాయి పాపన్న మనవాడు. ఈ మాటలో మిత్రులతో నాకు పేచీ లేదు. కల్లుగీత కులంలో పుట్టి, కత్తి పట్టి, 1708లో వరంగల్లును కొట్టినాడు. ఆ తర్వాత మా నల్లగొండ వైపు భువనగిరి మీద పడినాడు. చాకలి, మంగలి, కుమ్మరి, మేదరి, దూదేకుల అందరూ అతని వెంట నడిచినారని పాట చెబుతున్నది. కులం గీసిన గీటు దాటిన ఆ దండే అతని అసలు బలం. 1710లో మొగలాయి సర్కారు అతన్ని చంపించింది.

పేచీ ఆ తర్వాతి మాటలో ఉన్నది. ఆ దాడులలో పాపన్న స్త్రీలను చెరపట్టినాడని ఖాఫీఖాన్ వ్రాసినాడు. ఇది పాఠంలో చెప్పినప్పుడు ఒక విద్యార్థిని అడిగింది: “ఆ ఆడవాళ్ళు ఏమైనారు సార్?” నా దగ్గర జవాబు లేదు. మిత్రుల దగ్గర ఉన్నది: ఖాఫీఖాన్ పాదుషాల పక్షపు రాతగాడు, నమ్మరాదట! అతడు పాపన్నను ద్వేషించిన మాట నిజమే. కాని వరంగల్లు విజయానికి అతన్నే సాక్షిగా పిలిచి, చెర సంగతి రాగానే బయటికి నెట్టడం ఏ శాస్త్రీయ దృష్టి?

హోమరును చూడండి. అతడు దొరల కవి. రాజును నిలదీసిన థెర్సిటీస్‌ను ఓడిసియస్ చేత రాజదండంతో కొట్టించి, సైన్యం చేత నవ్వించినాడు. అయినా తన వీరుడు ఎకిలీస్ తప్పును దాచలేదు. చెరపట్టి తెచ్చుకున్న బ్రిసేయిస్‌ను రాజు లాక్కున్నాడని అలిగి ఎకిలీస్ యుద్ధం మానితే, తోటివారు గుట్టలుగా చచ్చినారు. ప్రాణమిత్రుడు పెట్రోక్లస్ కూడా పోయినాడు. హెక్టరు శవాన్ని రథానికి కట్టి ఈడ్చినవాడే, ముసలి తండ్రి వచ్చి కాళ్ళావేళ్ళా పడితే కన్నీరు కార్చి అప్పగించినాడు. బలమూ, తప్పూ ఒకే మనిషిలో. అన్నిటికంటె పెద్ద సంగతి ‘ఇలియడ్’ పంతొమ్మిదవ భాగంలో ఉన్నది: బ్రిసేయిస్ నోరు విప్పి, తన భర్తను చంపినవాడు ఎకిలీసేనని చెప్పి ఏడుస్తుంది.

చెరపడిన స్త్రీకి దొరల కవి ఇచ్చిన చోటును, ప్రజల పక్షం అనుకునే మనం ఇవ్వలేమా? తెలంగాణ సాయుధ పోరాటంలో నడిచిన స్త్రీలు, 1986లో వచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో, ఉద్యమం తమ పట్ల చేసిన పొరపాట్లు కూడా చెప్పినారు. దానితో పోరాటం చిన్నది కాలేదు. మన బుద్ధి పెద్దదయింది.

మచ్చలేని వీరుడు కావలసింది భక్తునికి. పాపన్న బొమ్మకు దండ వేయండి, నేనూ వస్తాను. ఆ పిల్ల ప్రశ్నను మాత్రం పాఠంలోంచి కొట్టివేయకండి.